ఊపిరి ఊది చదివిన గడియారం

మొన్న ఆదివారం పొద్దున పాలప్యాకెట్ల కోసం తలుపు తీస్తే, ఎదురుగా పక్కింటి మామయ్యగారి అబ్బాయి నిలబడి ఉన్నాడు. బెల్లు కూడా కొట్టలేదు. "నాన్న నిద్రలోనే పోయారక్కా" అన్నాడు. మా దిల్‌సుఖ్‌నగర్ సందులో ఏళ్ల తరబడి గోడకు ఆ పక్కనే ఉన్న మనిషి. వాళ్లది గుంటూరు, మాది నల్గొండ. మా అమ్మను చెల్లెమ్మా అని పిలిచేవారు, అందుకే నాకు మామయ్యగారు.

ఆయన చేసి రిటైరైన ఉద్యోగమేమిటో నాకిప్పటికీ సరిగ్గా తెలియదు. నాకు తెలిసిన పని ఒక్కటే, పాత జేబు గడియారాల వయసు చెప్పడం. ఎల్బీ నగర్ నుంచీ, చంపాపేట నుంచీ ఎవరెవరో తాతలనాటివి పట్టుకొచ్చేవారు. మామయ్యగారు ముందు గడియారానికి దణ్ణం పెట్టేవారు. నేను నవ్వితే, "నవ్వకే పిల్లా! ఎవరి గుండె మీదో కొట్టుకున్న వస్తువిది. అడక్కుండా కడుపు విప్పుతున్నాం" అనేవారు. మెట్రో రైలు చప్పుడు పూర్తిగా పోయాకే మూత తీసేవారు.

డయల్ చూసి ఏదీ నమ్మేవారు కాదు. "ముఖం ఎవడైనా మార్చేస్తాడు. లోపల యంత్రం మీద నంబరు చూడాలి." ఆ నంబరును బట్టి కంపెనీ దాన్ని ఏ ఏడు చేసిందో తేలుతుంది. ఆ తర్వాత వెనక మూత లోపల 'హా' అని ఊపిరి ఊదేవారు. పూర్వం బాగుచేసిన ప్రతివాడూ అక్కడ సూదితో తన గుర్తూ, ఏడూ గీసేవాడట. మామూలుగా కనపడవు. ఆవిరి పట్టగానే తేలతాయి, ఆరగానే మాయమవుతాయి. ఎప్పుడో చచ్చిపోయినవాళ్ల చేతిరాత అలా తేలుతుంటే నాకు వెన్నులో చలి పుట్టేది.

కిందటి చలికాలం అమ్మ తన తండ్రి గడియారాన్ని ఆయన దగ్గరికి తీసుకెళ్లింది. తాత బొంబాయి మిల్లులో పనికి వెళ్లాడు. అమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఊరివాడొకడు తాత గడియారం తెచ్చిచ్చి, మనిషి పోయాడని చెప్పాడు. అమ్మమ్మ బొట్టు తీసేసి, గడియారాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసింది. అమ్మకు తండ్రి గుర్తు అదొక్కటే.

మామయ్యగారు నంబరు చూశారు. మళ్లీ చూశారు. ఊపిరి ఊది చూశారు. భూతద్దాన్ని పక్కన పెట్టేశారు.

"చెల్లెమ్మా, తెలిశాక తెలియనట్టు ఉండలేవు. చెప్పమంటావా?"

"చెప్పన్నా! గట్ల పరేషాన్ చేస్తవేంది?"

"మీ నాన్నగారు పోయారని కబురొచ్చిన చాన్నాళ్లకి తయారైన గడియారమమ్మా ఇది. ఆ తర్వాత ఎవరో బాగు కూడా చేయించారు. పైకి అలాంటిదే అయినా, అప్పుడు మీ ఇంటికి వచ్చింది ఇది కాదు."

అమ్మ గడియారాన్ని చేతిలోకి తీసుకుంది.

"కబురొచ్చిన శానేండ్లకు ఒకనాడు పొద్దుగాల పెట్టెలకెళ్లి టిక్ టిక్ మని సప్పుడైంది. ఎన్నడు నడవని గడియారం నడుస్తున్నది. మా అమ్మ గజగజ వణికింది, మళ్ల తాళమేసింది. దయ్యమనుకున్నం. తాళంచెవి యాడుంటదో అమ్మకు, నాయినకే తెలుసు." అమ్మ దాని మూత మూసింది. "అంటే మా నాయిన బతికే ఉండె. రాత్రొచ్చి గిది పెట్టి, పాతది తీస్కపోయిండు. నేను ఆడనే పండుకున్న అన్నా! నన్ను లేపకుండ ఎట్ల పోయిండు?"

"గడియారం మార్చుకోడానికి అంత దూరం ఎవరొస్తారమ్మా? నిన్ను చూసుకునే వెళ్లుంటారు. ఇది మాత్రం యంత్రం చెప్పింది కాదు, నేనంటున్నాను" అన్నారు మామయ్యగారు.

'ఇది అప్పుడొచ్చిందేనమ్మా' అని ఒక్క అబద్ధమాడితే ఆయన సొమ్మేం పోయిందని నాకు కొన్నాళ్లు కోపం. అమ్మ మాత్రం కోప్పడలేదు. ఏటా ఆ కబురొచ్చిన తిథికి తాత పేరున ఇచ్చే బియ్యం ఆపేసింది. పోయిన తిథి తెలియనివాళ్లతో కలిపి, ఈసారి పెత్రమాస అమావాస్యనాడు ఇచ్చింది. సంచి మోసుకుని వెంట వెళ్లింది మామయ్యగారే. ఆయన వల్ల మా అమ్మకు తండ్రి ఇంకొన్నేళ్లు బతికాడు. ఆ రుణం నేనెలా తీర్చుకోను?

ఆదివారం ఆయన్ని ఐస్‌బాక్స్‌లో పెట్టకముందు అమ్మ వంగి, చెవి దగ్గర నోరు పెట్టింది. "అన్నా, ఆడ మా నాయిన కనవడితే జర చెప్పు. ఈసారి నేను లేచే ఉన్ననని."

అప్పటినుంచి అమ్మ మధ్యాహ్నం కూడా నడుం వాల్చడం లేదు. కుర్చీ గుమ్మం వైపు తిప్పుకుని కూర్చుంటుంది. నిన్న నేను వంటింట్లో ఉండగా, "ఆఁ, లేచే ఉన్న, లోపలికి రా" అని అమ్మ అనడం వినపడింది. వచ్చి చూశాను. గుమ్మంలో ఎవరూ లేరు. అమ్మ నవ్వుతూ, కొంగు సర్దుకుని లేచి నిలబడి ఉంది.