రిసెప్షన్ సూటు

సూటు వేసుకుంటేనే నమ్ముతారని మా ఆవిడ పట్టుబట్టింది. ఈ రోజు మా రిసెప్షన్ నాటి నల్ల సూటులో, మిల్లులో ఇంటర్వ్యూ కోసం సూర్యాపేటలో మిర్యాలగూడ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను.

పక్కసీటు పెద్దమ్మ నా కోటు చూడగానే తన గొర్రెలు ఎవరిదో చేను మేసిన తగాదా మొదలుపెట్టింది.

"నేను వకీలును కాదమ్మా."

"అందరు గట్లనే అంటరు. పైసలిస్త తియ్యి సారూ, జర నా కేసు సూడు."

ముందుసీట్లోనే ఉన్న ఆ చేను ఆసామి కూడా నావైపు తిరిగాడు. లేద్దామంటే దారి లేదు. కోటు విప్పుదామంటే లోపల చొక్కాకి కాలర్ వరకే ఇస్త్రీ. చెమటలు కక్కుతూ తీర్పు చెప్పాను. ఇద్దరూ బుద్ధిగా తలూపారు!

మిల్లు సేటు మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "పెండ్లికి లేటయితది, పోయి రేపు రా" అని పంపేశాడు.

రేపు ఏం వేసుకెళ్లాలో మీరే చెప్పండి.