పసుపు ఒక పక్క, మక్కలు ఒక పక్క

మా చిన్నాయన మొన్న పొద్దున దవాఖానలో పోయాడు. ఆర్మూర్ స్టేషన్‌లో గూడ్సు బండ్లకు సరుకు ఎక్కించడం దగ్గరుండి చూసే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. చిన్నమ్మ ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. పక్క గల్లీలో ఉండే నేనే రోజూ ఇంత కూర పట్టుకుపోయేదాన్ని.

మొండి మనిషి. నా స్కూటీ ఎక్కితే కాళ్ల దగ్గర పెట్టిన బియ్యం సంచిని సరిగ్గా నడుమకు జరపమనేవాడు. మూల తిరిగేటప్పుడు "జర మెల్లగ, బిడ్డా" అనేవాడు. అప్పుడు విసుగొచ్చేది. ఇప్పుడు వెనక నుంచి ఆ మాట లేక బండి తీయబుద్ధి కావడం లేదు.

ఆయనకున్న ఒకే ఒక్క దోస్తు హమాలీల మేస్త్రి. రోజూ స్టేషన్ బయట ఇద్దరూ కలిసి చాయ్ తాగేవారు. ఒకసారి హమాలీలు వ్యాగన్‌లో పసుపు బస్తాలన్నీ ఒక పక్క, మక్కల బస్తాలన్నీ, అంటే మొక్కజొన్నలవి, ఇంకో పక్క పేర్చారు. మక్కల పురుగు పసుపుకు పట్టకూడదని ఇళ్లలో చేసే పద్ధతే అది. బస్తాలు లెక్కకు సమానమే గానీ మక్కలవి బరువెక్కువ. చిన్నాయన చూసి మొత్తం దించమన్నాడు. బండి కదిలే వేళయింది, డ్రైవర్‌ను మెల్లగా పొమ్మందామని మేస్త్రి బతిమాలాడు.

"మెల్లగ పోతడో ఉరికిస్తడో మనం చూస్తమా? వంపుకాడ వ్యాగన్ ఒరిగితే ఎవరు ఆపుతరు?" అన్నాడు చిన్నాయన.

దించి మళ్లీ పేర్చారు. తన మనుషులందరి ముందు తలకొట్టేసినట్టయి మేస్త్రి ఆ రోజు నుంచి మాట మానేశాడు. తను చేసింది సరైన పనేనని చిన్నాయనకు తెలుసు. ఒక్కడే కూర్చుని చాయ్ తాగడం మాత్రం ఆయనకు చివరిదాకా అలవాటు కాలేదు.

దవాఖానలో చేరాక మేస్త్రిని పిలిపించమన్నాడు. నేను కబురు పెట్టాను. పసుపు సీజన్, మార్కెట్‌లో ఊపిరాడటం లేదు, జర తెరిపి దొరకంగనే వస్తానని జవాబొచ్చింది. చిన్నాయన ఆ మాట విని తలాడించి, తలుపు వైపు తిరిగి పడుకున్నాడు.

మేస్త్రి నిన్న చిన్నాయన ఇంటికి వచ్చాడు. చేతులకు ఇంకా పసుపు ఉంది. గడప దగ్గరే నిలబడి, "నాతోని ఏం చెప్తనన్నడు బిడ్డా?" అని అడిగాడు.

"ఏం లేదు కాకా. జరసేపు పక్కన కూసుంటే చాలన్నడు."

ఆయన లోపలికొచ్చి ఖాళీ మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. పొద్దుగూకి నేను లైటు వేసేదాకా అక్కడి నుంచి లేవలేదు.