ఆమేన్‌కి ముందు పడిన అడుగు

నడవని కాళ్ళకు నడకనూ, పలకని నోటికి మాటనూ తన వేళలో దయచేసే దేవునికి స్తోత్రం. ఆ రోజుల్లో, అంటే డెబ్బయ్యో దశకంలో, బిడ్డ ఎదుగుదలను మా కృష్ణా జిల్లా ఆడవాళ్ళు పిండివంటలతోనే కొలిచేవాళ్ళు. బోర్లా పడితే బొబ్బట్లు, పలికితే పంచదార చిలకలు, అడుగేస్తే అరిసెలు. (క్రైస్తవులమైనా ఈ విషయంలో ఇరుగుపొరుగుతో మాకు భేదం లేదు. చివర ఒక ప్రార్థన కలుపుకునేవాళ్ళం, అంతే.) విజయవాడ రైల్వే క్వార్టర్సులో కాపురముంటున్న నాకు తొలిచూలు ఆడపిల్ల. బొబ్బట్ల దాకా బాగానే వచ్చింది గానీ, ఏడాదిన్నర నిండినా అరిసెల దగ్గర ఆగిపోయింది. నిలబెడితే కాళ్ళు ముడుచుకుని కూలబడేది. ఎక్కడికి పోవాలన్నా దేకడమే. దానికి దిగులేమీ లేదు, ఆ దిగులంతా నేనే పడ్డాను. స్నానం చేయించేటప్పుడు ఆ పాదాలు అరచేతిలో పెట్టుకుని, వీటిలో లోపమేమీ లేదు కదా ప్రభువా అని రోజూ అడిగేదాన్ని.

కొళాయి దగ్గర మా సంఘంలోని వదినగారొకావిడ, "ఏవమ్మా, మీ పిల్ల ఇంకా దేకుతానే ఉందా? మావాడు తొమ్మిదో నెలకే పరిగెత్తాడు" అనేది. (ఆ పరుగు ఆపలేక తను పడ్డ పాట్లు మాత్రం చెప్పేది కాదు.) ఓ రోజు ఆ మాట మా అత్తయ్య చెవిన పడింది. ఇంటికి రాగానే బియ్యం నానబోశారు.

"పిల్ల ఇంకా నడవలేదు కదండీ అత్తయ్యా?"

"నడిచాక వండటానికి విశ్వాసం ఎందుకమ్మాయ్? ముందు వండి, ప్రభువు నడిపిస్తాడని కనిపెట్టుకుని ఉందాం. శనివారం మనింట్లో ప్రార్థన కూడిక పెట్టమని పాస్టరయ్యగారికి కబురు కూడా చేశా" అన్నారు. సంఘమంతటి ముందూ పిల్ల కూలబడితే అత్తయ్య మాటా పోతుంది, నాలో మిగిలిన కాస్త ధైర్యమూ పోతుంది.

శనివారం సాయంత్రం ముందుగది నిండిపోయింది. చాప అవతలి చివర పళ్ళెంలో అరిసెలు. అత్తయ్య ఆనవాయితీ ప్రకారం ఒక అరిసె కింద పెట్టి, దాని మీద పిల్లని నిలబెట్టారు. అది నింపాదిగా అరిసె మీదే కూర్చుంది. "మెత్తగా కుదిరినట్టున్నాయిలే, కూర్చోడానికి" అంది వదినగారు. పాపం అయ్యగారు మమ్మల్ని ఆదుకోబోయి, ప్రార్థన చేద్దామన్నారు. ఆ ప్రార్థన మా ఇంట్లో మొదలై, రైలు బండ్లెక్కి, డెల్టా కాలువలన్నీ తిరిగి, పైరుపచ్చల్ని దీవించి, హనుమాన్ జంక్షన్ మీదుగా మళ్ళీ మా ఇంటికి చేరింది. కళ్ళు తెరిస్తే కూలబడ్డ పిల్లే కనిపిస్తుందన్న భయంతో నేను రెప్పలు బిగించుకునే ఉన్నాను. ఆమేన్ అని చూద్దును కదా, పిల్ల చాప అవతల పళ్ళెం పక్కన కూర్చుని ఉంది. రెండు చేతుల్లో రెండు అరిసెలు.

"నడిచింది" అన్నారు అత్తయ్య.

"దేకిందేమోనండీ. చూసిందెవరు?" అంది వదినగారు.

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చూశామంటే ప్రార్థనలో కళ్ళు తెరిచామని ఒప్పుకోవాలి. అప్పుడు మా సండే స్కూలు టీచరమ్మ (ప్రార్థనలో కళ్ళు తెరిచిన పిల్లల్ని బెంచీ ఎక్కించే మనిషి) మెల్లగా అన్నారు: "నడిచిందమ్మా. లేచి, తూలి, నిలదొక్కుకుని మరీ నడిచింది. నేను చూశాను."

"మీరా టీచరుగారూ? ప్రార్థనలోనా?"

"ఏం చేయనమ్మా, అరిసెల వాసనకి ఒక కన్ను తెరుచుకుంది."

అయ్యగారే ముందు నవ్వారు. అత్తయ్య మాత్రం నవ్వలేదు, పిల్ల చేతిలోని అరిసె తీసి టీచరమ్మ చేతిలో పెట్టి, కొంగుతో కళ్ళొత్తుకున్నారు.

ఇప్పుడు బీసెంటు రోడ్డులో ఆ పిల్ల వెనక నడవలేక, "కాస్త ఆగవే" అనేది నేనే. ఏ అడుగు కోసం అంతగా ప్రార్థించానో ఆ అడుగు నేను చూడనే లేదు. రెప్పలు బిగించుకుని కూర్చున్న ఆనాటి నన్ను నేను తలుచుకుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. బిడ్డ తొలి అడుగు కోసం కనిపెట్టుకుని ఉన్న తల్లులందరి కోసం మీరూ నాతో కలిసి ప్రార్థించండి. గదిలో పసిపిల్ల ఉంటే మాత్రం, ఒక కన్ను కాస్త తెరిచే ఉంచండి.