మా బావగారి స్పెయిన్ ఊరు

మా బావగారు, అంటే మా వియ్యంకుడు, మా కోడలి నాన్నగారు, కిందటి నెల నిద్రలోనే వెళ్ళిపోయారు. పొద్దున్నే కోడలు "మావయ్యగారూ, నాన్న లేవట్లేదు" అంటే నేను పట్టించుకోలేదు. ఆలస్యంగా లేవడం ఆయనకి అలవాటే.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. తెనాలిలో సైకిల్ షాపు నడుపుకున్నవాణ్ణి. సిడ్నీలో ఈ రౌస్ హిల్‌కి, కొడుకు దగ్గరికి వచ్చిన కొత్తలో నాకు ఊపిరాడలేదంటే నమ్మండి. వీధి అద్దంలా ఉంటుంది, మనిషి కనపడడు. కార్లు గ్యారేజీల్లోకి దూరతాయి, తలుపు పడుతుంది, అంతే. "టికెట్టు తియ్యరా, పోతాను" అని రోజూ పోరేవాణ్ణి.

అప్పుడు దిగారు మా బావగారు. పెద్దకూతురి దగ్గర స్పెయిన్‌లో ఏదో చిన్న ఊళ్ళో కొన్నేళ్ళుండి, చిన్నకూతురిల్లని మా ఇంటికి వచ్చారు.

"ఏంటండీ బావగారూ, గంప కింద కోడిలాగ ఈ గదిలో?" అన్నారు మొదటిరోజే. "మా ఊళ్ళో అయితేనా..."

మా ఊరంటే ఆయన పుట్టిన గుడివాడ కాదండోయ్, ఆ స్పెయిన్ ఊరు! మధ్యాహ్నం అక్కడ షాపులన్నీ మూసేసి పడుకుంటారట. ఎండ దిగగానే గుమ్మాల ముందు కుర్చీలేసుకుంటారట. రొట్టెల కొట్టావిడ, ఈయనకిష్టమని కాస్త మాడిన రొట్టె తీసి పక్కన పెట్టేదట. ఊరి సెంటర్లో ముసలాళ్ళు డామినో బిళ్ళలు ముందేసుకుని, ఈయనొచ్చేదాకా ఆట మొదలెట్టేవారు కారట.

"వాళ్ళ భాష వచ్చా మీకు?" అనడిగాను.

"భాషెందుకండీ? కుర్చీ వేసుక్కూర్చుంటే మనుషులే వస్తారు."

ఇంటి ముందు గడ్డిలో రెండు కుర్చీలేశాం. "నాన్నా, ఇక్కడెవరూ ఇలా కూర్చోరు" అని మావాడు గొణిగాడు. "కూర్చోరు కాబట్టేగా అల్లుడూ, మేం కూర్చుంది!" అన్నారు బావగారు. ముందు కుక్కని తిప్పే పక్కింటావిడ ఆగింది. తర్వాత మూలింటి చైనా తాతగారు తన కుర్చీ తనే మోసుకొచ్చాడు. ఆయనుండగా వచ్చిన నా పుట్టినరోజుకి సగం వీధి మా గడ్డి మీదే ఉంది. ఎంత ఆనందమో చెప్పలేను! టికెట్టు మాటే మర్చిపోయాను.

పెద్దకర్మకి పెద్దమ్మాయి స్పెయిన్ నుంచి వచ్చింది. "ఆ రొట్టెల కొట్టావిడకి కబురు చెప్పావామ్మా? డామినోల వాళ్ళకి?" అనడిగాను.

ఆ అమ్మాయి తెల్లబోయింది. "ఎవరంకుల్? నాన్న ఇల్లు కదిలితేగా! నేనాఫీసు నుంచి వచ్చేదాకా కిటికీ దగ్గర నిలబడి సెంటర్లో వాళ్ళ ఆట చూస్తుండేవారు. వెళ్ళి కూర్చోండి నాన్నా అంటే, మనల్నెవరు పిలిచారమ్మా అనేవారు."

నిలువునా మోసం చేశారు బావగారూ! నేను షాపు పెట్టిన దగ్గర్నుంచి మా ఆవిడతో పడ్డ గొడవల దాకా అన్నీ నిజాలే చెప్పుకున్నాను మీతో. మీరేమో ఆ రొట్టె మాడుతో సహా అబద్ధమాడారు. ఆడితే ఆడారు, ఆ కిటికీ మాట నాకెందుకు చెప్పలేదు? నేనూ గదిలో కూర్చుని ఏడ్చినవాణ్ణే కదా, నాకు చెప్పుకోకపోతే ఎవరికి చెప్పుకుంటారు? గట్టిగా నిలదీద్దామంటే మనిషి లేరు. పోనీ ఈ వీధి ఇచ్చిన సంతోషం ఏమన్నా తగ్గిందా అంటే, అదీ తగ్గట్లేదు. నా కోపమంతా అదే.

నిన్న సాయంత్రం ఆ కోపంతోనే బయటికొచ్చి ఒక్క కుర్చీయే వేశాను. ఎదురింట్లోకి కొత్తగా ఎవరో దిగారు. మేడమీది కిటికీలో ఓ పెద్దాయన కర్టెన్ పట్టుకుని నన్నే చూస్తున్నారు. చెయ్యూపాను. చటుక్కున వెనక్కి తగ్గారు.

లోపలికెళ్ళి బావగారి కుర్చీ తెచ్చాను. దాన్ని ఎదురింటి వైపు తిప్పి వేసి, మళ్ళీ కూర్చున్నాను. వీధి దీపాలు వెలిగేదాకా ఆ కర్టెన్ కదులుతూనే ఉంది.