దూలం చూసిన మావయ్య

యాభైల్లో చోడవరంలో కొత్త ఇళ్ళు లేస్తున్న రోజుల్లో మా మేనమామ కలప అడితి పెట్టాడు. ఎవరింటికి వెళ్ళినా మనుషులకంటే ముందు పైకప్పు చూసేవాడు. వాసం వంగినా, దూలం పుచ్చినా ఆయన కళ్ళు మెరిసేవి.

నాన్న పోయిన రోజూ అంతే. శవం ఇంకా వసారాలోనే ఉంది. అన్నని చూడగానే అమ్మ గొల్లుమంది. ఆయన పక్కన కూర్చుని, తల పైకెత్తి, "దూలానికి సెద పట్టేసింది సెల్లీ. వానలు రాకముందే మార్పించుకో. చీడికాడ నుంచి మంచి మద్ది దూలం వొచ్చింది" అన్నాడు.

అమ్మ ఏడుపు ఆగిపోయింది.

"అన్నియ్యా, ఒకపాలి నా మొకం సూడు" అంది.

చూశాడు. "నీ మంచికే సెప్తన్నాను" అన్నాడు.

దినవారాలు కాకముందే దూలం బండెక్కి మా ఇంటికి వచ్చింది. అమ్మ బండిని వెనక్కి తిప్పించింది. ఆ వానాకాలం ఆయన చెప్పినట్టే వసారా కూలింది. మేం వంటింట్లో సర్దుకున్నాం గాని, అమ్మ ఆయన్ని మళ్ళీ గుమ్మం ఎక్కనివ్వలేదు.