పోపు వేయని పప్పు

1961 జూన్‌లో నన్ను కరీంనగర్ జిల్లాలో, ధర్మపురికి ఆరు మైళ్ళ దూరంలో ఉన్న ఒక ఊరి మిడిల్ స్కూలుకు టీచరుగా వేశారు. చెప్పవలసినవి గృహవిజ్ఞానం, సంగీతం. రెంటికీ కలిపి ఒకటే పోస్టు, అదీ ఏడాదికి మంజూరైన తాత్కాలిక పోస్టు. మార్చిలో హెడ్మాస్టరు సిఫారసు చేసి, పై కార్యాలయం ఒప్పుకుంటేనే మరుసటి ఏడు ఉంటుంది. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. హనుమకొండలో పుట్టి, హైదరాబాదులో శిక్షణ పొంది, చేతిలో రెండు సర్టిఫికెట్లు పెట్టుకుని బస్సు దిగాను. నాకు తెలియని విషయం ఉంటుందనే ఆలోచనే ఉండేది కాదు.

బడి వరండాకు ఒక చివర తడిక కట్టి వంటగది అన్నారు. రెండు మట్టి పొయ్యిలు, నాలుగు గిన్నెలు, ఒక తక్కెడ. సంగీతానికి ఊరి పట్వారీ ఇచ్చిన హార్మోనియం. అందులో రెండు మెట్లు పలికేవి కావు, అవి తగలని పాటలే ఏరుకుని నేర్పేదాన్ని. పొయ్యి వెలిగించిన రోజు పాట ఉండేది కాదు, పొగకు అందరం దగ్గుతూ కూర్చునేవాళ్ళం.

ఏడో తరగతికి ఉమ్మడి పరీక్ష ఉండేది. రాత పేపర్లు ఏప్రిల్‌లో బయట దిద్దేవారు. గృహవిజ్ఞానం, సంగీతం మాత్రం మార్చిలోనే ప్రాక్టికల్‌గా బళ్ళో జరిగేవి. మార్కులు నేను వేయాలి, హెడ్మాస్టరు సంతకం చేయాలి, సీలు వేసిన కవరు పైకి పోవాలి. ప్రాక్టికల్‌లో తప్పితే తక్కిన పేపర్లలో ఎన్ని వచ్చినా తరగతి తప్పినట్టే. పిల్ల ఏడాది చదువు నా కలం కింద ఉండేదన్నమాట. అది నాకు భారంగా అనిపించలేదు, గర్వంగానే ఉండేది.

ఏడో తరగతిలో ఆడపిల్లలు తొమ్మిది మంది. అందులో సాలోళ్ళ వాడ నుంచి వచ్చేది ఒక్క భూలక్ష్మే. ఇంట్లో భూలచ్చి అనేవారు. తండ్రి మల్లేశం మగ్గం నేసేవాడు. ఆ అమ్మాయి గొంతు సన్నం కాదు, కానీ తాళం తప్పేది కాదు. మగ్గం చప్పుడులో పెరగడం వల్లనేమో అనుకునేదాన్ని. పప్పు కొలిస్తే తక్కెడ అవసరం ఉండేది కాదు. ఆ రోజుల్లో ఏడు పాసైన ఆడపిల్లలను టీచరు ట్రైనింగుకు తీసుకునేవారు. ఈ అమ్మాయిని ఎలాగైనా పంపాలని నేనే వాళ్ళ ఇంటికి మూడుసార్లు తిరిగాను. మూడోసారి మల్లేశం మగ్గం గుంటలోంచి లేవకుండానే మాట ఇచ్చాడు.

"ఏడు పాసైతే ట్రైనింగుకు పంపిస్త టీచరమ్మా. ఫేలైతే మాత్రం మల్ల నన్ను అడుగద్దు. ఇంట్ల నూలు కండెలు చుట్టెటోళ్ళు లేరు."

సరేనన్నాను. ఆ పిల్ల ఫేలవుతుందన్న ఆలోచన నాకు రాలేదు.

ఫిబ్రవరి చివర బడి వార్షికోత్సవం జరిగింది. ముందు నిలబడి పాడవలసింది భూలక్ష్మి. నేను ఆ చోటు పట్వారీ గారి కూతురికి ఇచ్చాను. హార్మోనియం వాళ్ళది, షామియానా వాళ్ళది, కాదంటే బాగుండదనుకున్నాను. భూలక్ష్మి వెనక వరుసలో నిలబడి పాడింది. కానీ నేను చేసింది తప్పని నాకు తెలుసు. తెలుసు కనకనే ఆ పిల్ల ముఖం ఎప్పుడు చూసినా అందులో అలక కనిపించేది. అక్కడ అలక లేదని ఇప్పుడు అనుకుంటాను.

రెండు వారాలకు ప్రాక్టికల్. ఒక్కొక్కరు పావుసేరు కందిపప్పు వండాలి. శుభ్రానికి, కొలతకు, ఉడుకుకు, పోపుకు, వడ్డనకు వేరువేరుగా మార్కులు. వడ్డన అంటే తను వండింది తోటి పిల్లలకు తలా ఒక గరిటె పెట్టాలి. ఆ తర్వాత ఒక పాట.

భూలక్ష్మి వంతు వచ్చింది. పొయ్యి అలికింది, పప్పు కడిగింది, నీళ్ళు కొలిచింది. పప్పు చక్కగా ఉడికింది. గిన్నె దించి, ఉప్పు వేసి, మూత పెట్టి పక్కకు జరిగి నిలబడింది. పసుపు లేదు, పోపు లేదు. పోపు గరిటె, నూనె, ఎండుమిరపకాయలు పీట మీద పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

పోపు ఏదని అడిగాను. వేయనంది. ఎందుకని అడిగితే తల దించుకుంది. వడ్డించమన్నాను. గిన్నెను రెండు చేతులతో పట్టుకుని తన వైపు జరుపుకుందే తప్ప గరిటె ముట్టలేదు. పాడమన్నాను. పెదవి కదపలేదు. తక్కిన పిల్లలు చూస్తున్నారు, తలుపు దగ్గర హెడ్మాస్టరు గారు చూస్తున్నారు. వార్షికోత్సవం కోపం ఇప్పుడు తీర్చుకుంటోందని నిశ్చయించుకున్నాను. ఇంకోసారి, గొంతు పెంచి అడిగాను.

"ఇయ్యాల పాడ, టీచర్" అంది. అంతే.

పోపుకు సున్న, వడ్డనకు సున్న, పాటకు సున్న వేశాను. చేతికి కాస్త బలం కూడా వచ్చినట్టుంది, ఆ సున్నలు పక్క అంకెలకంటే పెద్దవిగా పడ్డాయి. క్రమశిక్షణ నేర్పుతున్నానని అనుకున్నాను. మర్నాడే కవరు సీలు చేసి పంపాం.

పది రోజుల తర్వాత వాళ్ళమ్మ రాజవ్వ బడికి వచ్చింది. వరండా మెట్టు మీద కూర్చుని, పరీక్ష ఫలితాలు ఎప్పుడొస్తాయని అడిగింది. అప్పుడు మాటల్లో మాటగా చెప్పింది.

"మీకు జెప్పలే గని టీచరమ్మా, గా వంట పరీక్ష నాడు మాకు ముట్టుడుండె. మా మరిది షోలాపూర్ల మిల్లు పనికి పోయి ఆడనే సచ్చిపోయిండు. కార్డు అచ్చి మూడొద్దులే అయింది. చావు ముట్టుడని తెలిస్తే బడి వంటింట్లకు రానియ్యరు గదా. అందుకే ఎవ్వలకు జెప్పకు బిడ్డా అన్న. పోపు వెయ్యకు, పాట పాడకు, నీ చేతులతోని ఎవ్వలకు పెట్టకు, మిగిలిందంత మంచిగ జెయ్యి అని తోలిన." లేవబోతూ అడిగింది. "గంతట్ల మార్కులేమన్న వోతయా?"

చావు ఇంట పెద్దదినం దాకా పోపు వేయరని నాకు తెలియదా? మా ఇంట్లోనూ వేయరు. పసుపు లేని పప్పు కళ్ళ ముందు పెట్టుకుని కూడా నాకు తోచలేదు. పదమూడేళ్ళ పిల్ల తల్లి మాట తప్పకుండా, తోటి పిల్లలకు మైల అంటించకుండా, పరీక్ష వదులుకోకుండా చేయగలిగిందంతా చేసింది. అలా చేసిన ప్రతి పనికీ నేను ఒక సున్న పెట్టాను.

రాజవ్వతో, చూద్దాం అన్నాను. ఆమె దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

హెడ్మాస్టరు గారు ఉర్దూ మీడియం నాటి మనిషి, రెండేళ్ళలో రిటైరు కావలసినవారు. విషయం చెబితే చివరిదాకా విన్నారు. ఇంట్లో చావు జరిగితే ప్రాక్టికల్ మళ్ళీ పెట్టే వీలు రూల్సులోనే ఉందని చెప్పారు. పరీక్ష పెట్టిన టీచరు, తన పొరపాటు ఒప్పుకుంటూ దరఖాస్తు రాయాలి. ఆ తర్వాత మాటను ఆయన మెల్లగా అన్నారు.

"రాస్తే నేను దస్తఖత్ చేస్తనమ్మా, ఆపను. కాని పై ఆఫీసోళ్ళు సంజాయిషీ మిమ్ముల్నే అడుగుతరు. మీ పోస్టు కాగితం సుత గదే మేజ మీదున్నది. సోంచాయించుకోండ్రి."

ఆలోచించుకోమన్నారే తప్ప ఆయన నన్ను భయపెట్టలేదు, ఉన్నమాట చెప్పారు. ఆ సాయంత్రమే దరఖాస్తు రాశాను. ఒక పేజీ. మర్నాడు ఇద్దామనుకున్నాను. మర్నాడు ఇంకో ఆలోచన వచ్చింది. మైలలో ఉండి బడి పొయ్యి ముట్టిందని కాగితం మీద పెడితే ఊరంతా తెలుస్తుంది, పట్వారీ ఇంటివాళ్ళు గొడవ చేస్తారు, మాట పడేది ఆ పిల్లే కదా అని. ఈ ఆలోచన నాకు ఎంతో హాయినిచ్చింది. నా భయానికి ఆ పిల్ల మంచి అనే ముసుగు దొరికింది. దరఖాస్తు ట్రంకుపెట్టెలో చీరల అడుగున పెట్టాను. రాత పరీక్షకు ఇంకా మూడు వారాలుంది. ఆ మూడు వారాల్లో ఏ రోజు ఇచ్చినా సరిపోయేది. ఒక్కో రోజూ రేపు అనుకున్నాను.

మే చివర ఫలితాలు వచ్చాయి. రాత పేపర్లన్నిటిలో భూలక్ష్మి పాసు. ప్రాక్టికల్‌లో నాలుగు మార్కులు తక్కువై తప్పింది. అదే వారం నా పోస్టు పొడిగించినట్టు ఉత్తర్వు కూడా వచ్చింది. కాకపోతే పై కార్యాలయం వాళ్ళు నన్ను ఆదిలాబాద్ వైపు, ఇచ్చోడకు మార్చారు.

వెళ్ళేముందు సాలోళ్ళ వాడకు పోయాను. మల్లేశం ఇంట్లో లేడు. భూలక్ష్మి గుమ్మంలో రాట్నం పెట్టుకుని కండెలు చుడుతోంది. లేచి నిలబడింది. ఎలా ఉన్నావంటే మంచిగున్న అంది. తర్వాత, దారం తెగిన చోట ముడి వేస్తూ, నా వైపు చూడకుండా అడిగింది.

"నేను పోపు ఏసేదుండెనా, టీచర్?"

లేదమ్మా, నువ్వు చేసింది సరైనదే, తప్పు నాది అని చెప్పడానికి నోరు తెరిచాను. అలా చెబితే, మరి ఎందుకు సరిచేయలేదని అడుగుతుంది.

"వేయాల్సింది" అన్నాను.

తల ఊపింది. మళ్ళీ కూర్చుని రాట్నం తిప్పింది.

ఆ తర్వాత ముప్పై రెండేళ్ళు పనిచేశాను, చివరి తొమ్మిదేళ్ళు హెడ్మిస్ట్రెస్‌గా. నా కింద పనిచేసిన టీచర్లందరికీ ఒక నియమం పెట్టాను. పిల్లకు సున్న వేసేముందు పక్కకు పిలిచి, ఎవరూ వినని చోట కారణం అడగాలి, ఆ కారణం మార్కుల పట్టీ వెనక రాయాలి. మంచి నియమమని ఇన్‌స్పెక్టర్లు మెచ్చుకున్నారు. నేను కూడా చాలాకాలం ఆ ఊళ్ళో నేర్చుకున్న పాఠం అదేననుకున్నాను. కాదు. తెలియక సున్న వేయడం పరీక్షకురాలి పొరపాటు, అది దిద్దడానికి రూలుంది, వ్యవధి ఉంది, సంతకం చేయడానికి పెద్దమనిషి సిద్ధంగా ఉన్నాడు. తెలిశాక ఊరుకున్నాను. తను చేసిన మంచి పనే తప్పని ఒక పిల్ల నమ్మేలా చేసి ఊరు దాటాను.