వీపు వెనక కూజా

సబ్రీన్ ఉద్యోగానికని కైరోకి బయల్దేరిన పొద్దున, మల్లవీలోని ఇంటి గుమ్మం దాటిందో లేదో వెనక కూజా పగిలింది. చెయ్యి జారిందంది తల్లి వదాద్. అమ్మలక్కలు మాత్రం మొహమొహాలు చూసుకున్నారు. ఎవరి పీడ విరగడవ్వాలని, ఎవరు మళ్లీ గడప తొక్కకూడదని అనుకుంటారో, ఆ వైపు ఊళ్లలో వాళ్ల వెనకే కూజా పగలగొడతారు. తండ్రి లేని పిల్ల వెనక కన్నతల్లి పగలగొడుతుందా, చోద్యం కాకపోతే.

కైరోలో మందుల షాపులో పని. హనాన్ అనే అమ్మాయితో కలిసి అద్దెగది. అన్నీ కుదిరాయి గానీ అమ్మ మీద బెంగ తీరలేదు. సెలవు దొరికినప్పుడల్లా "వస్తున్నానమ్మా" అని ఫోన్ చేసి సంచి సర్దుకునేది. సర్దడం పూర్తవకముందే గది తలుపు బయట కూజా భళ్లున పగిలేది. తీసి చూస్తే పెంకు ముక్కయినా ఉండదు, గడప మాత్రం తడి. ఇక ఆ ప్రయాణం సాగేది కాదు. ఒకసారి ఒళ్లు కాలిపోయే జ్వరం. ఇంకోసారి రైల్లో కన్నంటుకుని, లేచేసరికి ఊరు దాటిపోయి అస్యూత్ వచ్చేసింది.

"మీ ఊరికి నువ్వంటే గిట్టదేమోనే," అని ఆటపట్టించేది హనాన్. ఆ చప్పుడు ఒకరోజు తనకీ వినిపించాక నవ్వడం మానేసింది.

చివరికి సబ్రీన్ ఫోన్ చెయ్యకుండా బయల్దేరింది. ఏ చప్పుడూ లేదు. మధ్యాహ్నానికి ఇంటి తలుపు తట్టింది. వాకిట్లో గోడవార పెంకుల గుట్ట. తల్లి తలుపు సందులోంచి చూసి పాలిపోయింది.

"నువ్వేనా అమ్మా పగలగొట్టేది? నేనంత బరువయ్యానా?"

"మెల్లగా మాట్లాడవే పిచ్చిదానా. లోపల మీ బాబాయి ఉన్నాడు. నిన్నో ముసలాడికి కట్టబెడతానని మాటిచ్చేశాడు. దొరికావా, మళ్లీ గడప దాటనివ్వడు. నిన్ను చూడాలని నాకు మాత్రం లేదనుకున్నావా? నీ ఫోన్ రాగానే కూజా తెచ్చి వాకిట్లో కొడుతున్నా. నేనున్నంత కాలం కొడతా. పో తల్లీ."

సబ్రీన్ కళ్లు తుడుచుకుంటూ సందు మలుపు తిరిగింది. వెనక కూజా పగిలింది.

ఆ తర్వాత ఆ చప్పుడంటే భయం పోయింది. ప్రతి సెలవుకీ వస్తున్నానని ఫోన్ చేసి, ఉత్తుత్తినే సంచి సర్దేది. తలుపవతల భళ్లుమంటే చాలు, అమ్మ ఉందని గుండె కుదుటపడేది.

మొన్న పండక్కి ఫోన్ చేస్తే, అవతల మోగి మోగి ఆగిపోయింది. అయినా సంచి సర్దింది. అన్నీ తీసి మళ్లీ సర్దింది. హనాన్ వచ్చి పక్కన కూర్చుంది. ఎంతసేపు చూసినా తలుపవతల అలికిడి లేదు.

సబ్రీన్ లేచి తలుపు తీసి గడప తడిమింది. పొడిగా ఉంది. అక్కడే కూలబడి భోరుమంది. ఊరికి పోవడానికి ఇక అడ్డేమీ లేదు.